కళింగాంధ్రమున పుస్తకములు, చదువరులు

పుస్తకము, వనిత, విత్తము - ఈ మూడును పరుల చేతబడిన మరల రావని మనవారు తరతరములుగ చెప్పుకొను నానుడి యొకటి కలదు. చెప్పువారు నవ్వుచు చెప్పుదురు, వినువారును నవ్వుదురు. యోచించి చూచినచో నది మన గృహముల పూర్వస్థితిని దాపరికము లేక తెల్పు మాట. పుస్తకము పెట్టెలో నుండవలెను, స్త్రీ యింటిలో నుండవలెను, ధనము ముడిలో నుండవలెను. మూడింటి తాళముచెవియు ఒక్కని మొలనే వ్రేలాడుచుండెను. గడచిన నూటనలువది సంవత్సరములలో విజయనగర శ్రీకాకుళ ప్రాంతములందు జరిగిన సారస్వత చరిత్రను పరిశీలించినచో, ఆ తాళములు ఎట్లు సడలినవో, ఏ పుస్తకము ఎవరిని పిలిచినదో, పిలువబడినవారు ఏల వచ్చిరో కొంత తెలియగలదు. దాని నిచట సంగ్రహముగ చెప్పదలచితిమి.

పుస్తకములకును వర్ణవ్యవస్థ యొకటి మన యిండ్లలో నుండెడిది. వేదశాస్త్ర గ్రంథములు పట్టుబట్ట చుట్టుకొని పూజామందిరమున నుండును. కావ్యప్రబంధములు పండితుని పీటచెంత నుండును. భారత భాగవత రామాయణములు మాత్రము, ఒకరు చదువగా పదుగురు వినుటకై, రాత్రివేళల వీధియరుగు మీదికి వచ్చును. నాటకము, నవల, చిన్నకథ అనునవి ఆలస్యముగ వచ్చిన కోడండ్రవలె వంటింటి మూలను సర్దుకొనవలసినదే. నవల చదివిన ఆడుపిల్ల చెడిపోవునని పెద్దలనిరి. కథలు చదివిన బాలుడు పరీక్ష తప్పునని ఉపాధ్యాయులనిరి. అయినను చదువరులు ఆ మూలకే ఎక్కువగ పోయిరి. వారిని ఆకర్షించినది వట్టి వినోదమేనా? లేక అంతకు మించిన దేదైన కలదా?

విజయనగర సంస్థానాధిపతి పూసపాటి ఆనంద గజపతి మహారాజు (1850-1897) పేరు రెండు గ్రంథములతో ముడిపడి యున్నది. మొదటిది సాయణభాష్య సహితమైన ఋగ్వేదము. మాక్సుముల్లరు పండితుడు దానిని 1849 మొదలు 1874 వరకు ఆరు సంపుటములుగ ప్రకటించెను. రెండవ కూర్పునకు వలసిన వ్యయమును ఈ మహారాజు భరింపగా, అది 1890-1892 సంవత్సరముల నడుమ నాలుగు సంపుటములుగ ఇంగ్లాండున వెలువడెను. రెండవ గ్రంథము గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము. ఇది 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, ఆ మహారాజునకే అంకితమయ్యెను.

ఋగ్వేద ముద్రణమువలన కలిగిన మేలు చిన్నది గాదు. కొందరు వినుటకే తగరని, స్త్రీలు ఉచ్చరించుటకు తగరని చెప్పబడిన గ్రంథము అచ్చుపడి, వెల యిచ్చిన ఎవరికైనను దొరకునదయ్యెను. ఒక తాళము అచటనే విరిగినది. అయినను ఆ సంపుటములను విప్పి చదువగలవారు మన పట్టణములందు ఎందరుందురు? తలుపు తెరచిన మాత్రమున లోనికి వచ్చు బలము అందరికిని రాదు. కన్యాశుల్కమో, వీధిలో పోవువానిని చేయిపట్టి లోనికి లాగెను.

ఆ లాగుటలోని రహస్యము నాటకము పుట్టుకయందే యున్నది. 1897 నాటి ఆంగ్ల పీఠికయందు అప్పారావుగారొక లెక్క యిచ్చిరి. మహారాజు ఆజ్ఞచే నాటి విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో జరిగిన శుల్కవివాహముల జాబితా తయారు చేయగా, అవి 1,034 అని తేలెను. వధువులలో అయిదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44 మంది, మూడేండ్లవారు 36 మంది, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది బిడ్డలు ముగ్గురు. ఈ జాబితాకంటె భయంకరమైన గ్రంథమును మేమెరుగము. కాని అంకెలు చదివి ఏడ్చువారు అరుదు. అగ్నిహోత్రావధానులు తన చిన్నకూతురును ముసలి లుబ్ధావధానులకు అమ్మజూచుటను రంగస్థలముపై చూచినవారు మాత్రము తమ పొరుగింటిని గుర్తుపట్టిరి. కొందరు తమ యింటినే గుర్తుపట్టియుందురు. జాబితాలో అంకెయైన పిల్లకు నాటకములో ఒక పేరు, ఒక తల్లి, ఒక మేనమామ దొరకిరి.

అదే నాటకమున పుస్తకములను గూర్చిన హాస్యమొకటి కలదు. శిష్యునకు కావలసిన పుస్తకముల పేర్లను గిరీశము వరుసగ చదివించి, వానికై రూకలు రాబట్టజూచును. ఆ వరుసలో నిజమైన పుస్తకములును గలవు, ఎగతాళికి కల్పించినవియు గలవు. తండ్రికి ఆ భేదము తెలియదు. ఆతనికి పుస్తకమనగా పరీక్ష, పరీక్షయనగా ఉద్యోగము. ఆ తండ్రిని చూచి నవ్వినవారి మనుమలు నేడు తమ బిడ్డలకు కొను పుస్తకములను ఒకమారు లెక్కపెట్టుకొన్న బాగుండును. 1909లో అప్పారావుగారు ఈ నాటకమును మిక్కిలి పెంచి రెండవ కూర్పుగ ప్రకటించిరి. ఒక్క రాత్రిలో ఆడుటకు అలవికానంత పెద్దదైన ఆ కూర్పు, ఆటకంటె ఎక్కువగ ఇంటింట చదువు పుస్తకమై నిలిచినది.

చదువురానివారి మాట యేమి? వారికిని ఒక పుస్తకము దొరకినది. అది కాలికి గజ్జెలు కట్టుకొని వచ్చినది. ఈ ప్రాంతమందలి అజ్జాడ గ్రామమున 1864లో జన్మించిన ఆదిభట్ల నారాయణదాసుగారు హరికథకు మహోన్నత స్థితి కల్పించిరి. సంగీతము, నాట్యము, అభినయము, కవిత్వము, శాస్త్రవాదము అను వేర్వేరు అరలలోని వస్తువులను వారొక్క వేదికపై చేర్చిరి. 1919లో విజయనగరమున సంగీత కళాశాల ఏర్పడగా దానికి తొలి ప్రధానాచార్యులైరి. వారి స్వంత పఠనము చూడుడు: పారసీక కవియగు ఉమర్ ఖయ్యాము రుబాయతులను సంస్కృతములోనికిని అచ్చ తెలుగులోనికిని మార్చిరి, కాళిదాసుని షేక్స్పియరు ప్రక్కన నిలిపి నవరసతరంగిణి రచించిరి. పలు దేశముల పుస్తకములు చదివిన మనుష్యుడు, అక్షరము రాని రైతుకు ఎదురుగ నిలిచి కథ చెప్పెను. చదువు ఒక్కరిదైనను ఫలము పందిరి నిండినది.

ఇక చదువుకొనుచున్నవారికి అడ్డమైనది లిపి కాదు, భాష. బాలుడు ఇంట నొక తెలుగు మాటలాడి బడిలో మరియొక తెలుగు వల్లింపవలసి వచ్చెను. పెరటిచెట్టు మందునకు రాదన్నట్లు, నోటనున్న భాష పుస్తకమునకు రాదనిరి. దీని నెదిర్చిన గిడుగు రామమూర్తిగారు 1863లో శ్రీముఖలింగ క్షేత్రమునకు సమీపమున పర్వతాలపేటయందు జన్మించి, విజయనగరమున అప్పారావుగారితో కలసి చదివి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైరి. ఇరువురును ప్రాచీన శాసనములు చదువ నేర్చినవారే యగుట గమనింపదగినది. భాష కాలముతో మారునని వారికి రాళ్ళే చెప్పినవి. పూర్వగ్రంథములు తెలియనివారు వ్యావహారికమును కోరిరను నింద వీరికి తగలదు. అప్పారావుగారు 1914లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు తమ అసమ్మతి పత్రమును సమర్పించి 1915లో గతించిరి. రామమూర్తిగారు 1940లో తనువు చాలించువరకు పోరాడిరి. ఆయన జన్మదినమగు ఆగస్టు 29ని నేడు తెలుగు భాషా దినోత్సవముగ జరుపుకొనుచున్నాము. ఇంత చెప్పి మేమీ వ్యాసమును గ్రాంథికపు పోకడనే వ్రాయుచున్నామని చదువరులు నవ్వవచ్చును. అలవాటు అంత సులభముగ వదలదనుటకు మేమే సాక్ష్యము.

రామమూర్తిగారి పనిలో మరియొక భాగము మా దృష్టిలో ఇంకను గొప్పది. పర్లాకిమిడి చుట్టునున్న కొండలలో నివసించు సవరలకు అప్పటికి తమ భాషలో ఒక్క పుస్తకము లేదు. ఆయన వారి భాష నేర్చి, వారి పిల్లలకై వాచకములు కూర్చి, 1931లో సవర భాషా వ్యాకరణ గ్రంథమును, తరువాత నిఘంటువును ప్రకటించిరి. నిఘంటువును వినోదమునకై చదువువారు లేరందురు. కాని తన తల్లి పలుకు మాటను మొదటిసారి అచ్చులో చూచిన బాలునికి అంతకు మించిన ఆకర్షణ గల గ్రంథ మేది యుండును?

కథానిక యను ప్రక్రియ ఈ దారినే వచ్చినది. అప్పారావుగారి దిద్దుబాటు 1910 ఫిబ్రవరిలో ఆంధ్రభారతి పత్రికయందు వెలువడెను. దీనిని తొలి ఆధునిక కథ యని పలువురందురు. అంతకు పూర్వమే 1902లో భండారు అచ్చమాంబగారు ధనత్రయోదశి యను కథను హిందూసుందరి పత్రికలో ప్రకటించిరి కనుక ఆ ఖ్యాతిలో నొక స్త్రీకి భాగము కలదని మరువరాదు. దిద్దుబాటులోని కమలిని ఆయుధము ఒక చీటి. భర్త నేర్పిన చదువుతోనే ఆమె చీటి వ్రాసిపెట్టి భర్త నడతను దిద్దినది. స్త్రీకి చదువేల యని అడుగుచున్న కాలమున, ఉపన్యాసము లేకయే ఆ కథ సమాధానము చెప్పినది. మాసపత్రిక పోస్టులో ఇంటికి వచ్చును. పురుషుడు కచేరికి పోయిన తరువాత బల్లమీద నుండును. గ్రంథాలయమునకు పోలేని స్త్రీకి ఆ పత్రికయే గ్రంథాలయమయ్యెను. చిన్నకథ ఆమెకు ప్రియమగుటకు మరియొక కారణము కూడ కలదు: అన్నము ఉడుకులోపల ముగియును. ఈ మాట హాస్యమునకు చెప్పుట లేదు. తీరిక లేనివారికి తీరిక కొలదిగ అమరిన సాహిత్యరూప మిది.

అనంతరము ఈ నేలనుండి కథకులు వరుసగ వచ్చిరి. శ్రీకాకుళమున 1915లో పుట్టి విజయనగరమున స్థిరపడిన చాగంటి సోమయాజులుగారు, పేదరికమువలన బడి మానవలసివచ్చిన బాలుని మనోవ్యథను 'ఎందుకు పారేస్తాను నాన్నా' అను కథయందు చిత్రించిరి. పుస్తకము చేతికందక పోవుటయే ఒక కథావస్తువైనది. శ్రీకాకుళముననే 1922లో జన్మించిన రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు న్యాయవాదియై, కోర్టుల చుట్టు తిరుగు దిక్కులేనివారి పలుకుబడిని ఈ ప్రాంతపు యాసతోనే సాహిత్యమున నిలిపిరి. యాస వినగానే నగరువారు నవ్వెడి రోజులలో, ఆ యాసకు పుస్తకమున ఆసనము దొరకెను.

అయితే పత్రికకు ఒక దౌర్భాగ్యము కలదు. నెల దాటిన పిమ్మట అది పాతకాగితమగును. ఎన్ని కథలు పచారి కొట్లలో పప్పు పొట్లములైనవో, ఎన్ని అటకలమీద చెదలకు ఆహారమైనవో లెక్కలేదు. ప్రబంధమునకు తాటాకు కట్టిన జాతి, కథకు అట్టయైన వేయలేదు. ఈ నష్టమును గుర్తించి పూనుకొన్నవారు మురపాక గ్రామమున 1924లో జన్మించిన కాళీపట్నం రామారావుగారు. ఆయన ఉపాధ్యాయులు, కథకులు. 1995లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారము పొందినవారు. 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళమున కథానిలయము స్థాపించి, తమకు వచ్చిన పురస్కారముల సొమ్మును దానికే వినియోగించిరి. ఊరూర తిరిగి, పాతపత్రికల నడిగి తెచ్చి, కథకుల వివరములు సేకరించిరి. నేడక్కడ లక్షకు మించిన కథల వివరములు చేరియున్నవి; పెక్కు కథలు అంతర్జాలమున ఎవరైనను ఉచితముగ చదువుకొన వీలున్నది. రామారావుగారు 2021లో గతించిరి. కోడలివలె మూలనున్న కథకు స్వంతముగ నొక యిల్లు కట్టించిన ఘనత వారిది.

ఈ చరిత్రనుండి మేము గ్రహించినదేమి? పుస్తకపు జాతినిబట్టి చదువరి రాడు. నాటకమైనను, హరికథయైనను, నిఘంటువైనను, కథయైనను, తన పలుకు వినబడిన చోటికి వచ్చును. తన యింటి సంగతి తెలిసిన గ్రంథము కడ నిలుచును. అచట నిలిచినవాడు క్రమముగ పొరుగింటిని, పరదేశమును, పూర్వకాలమును చూడగోరును. అజ్జాడలో పుట్టినవారు ఖయ్యామును చేరినదియు, గ్రామమున పుట్టినవారు సవర కొండలెక్కినదియు ఈ కోరికచేతనే. కావున స్వంతభాషలోని చిన్న పుస్తకము పెద్ద గ్రంథములకు విరోధి గాదు, గడప. గడప దాటనీయక, నేరుగ గర్భాలయమునకు రమ్మనిన బిడ్డలు రారు. అందులకు బిడ్డలను నిందించుట న్యాయము గాదు.

నేడు పట్టణములలో మన పిల్లలు పెక్కుమంది తెలుగు అక్షరములు కూడబలుకుకొని చదువుచున్నారు. కారణము యంత్రములని, కాలమని చెప్పుట సులభము. వారికి పరీక్ష పుస్తకము గాక మరియొక తెలుగు పుస్తకమును మనమెప్పుడిచ్చితిమి? మన యిండ్లలో స్త్రీలకు రోజున కొక గడియయైన చదువుకొను తీరికను ఎవరు కల్పించిరి? ప్రతి గృహమునను తాళము లేని బీరువా యొకటి యుండవలెను. అందు భాగవతము ప్రక్కన నవలయు, శాస్త్రగ్రంథము ప్రక్కన కథల సంపుటియు, తరతమములు లేక కూర్చుండవలెను. ఎవరికేది కావలయునో వారే ఎంచుకొందురు గాక. అటకమీది పాతపత్రికలను అమ్మివేయుటకు ముందు ఒకమారు దించి చూడుడు. ఏ తాతమ్మ పేరో విషయసూచికలో నుండవచ్చును.

పుస్తకము పరుల చేతబడిన రాదందురు. రాకున్న పోనిండు. పోయిన పుస్తకము మరియొక యింట చదువబడుచుండును. పెట్టెలోనిది చెదలకు మిగులును. మన బీరువాలో ఒక ఖాళీ కనబడినప్పుడు, ఎక్కడనో ఒక చదువరి పెరిగెనని తలంచుటయే మాకు సమ్మతము.