మట్టిలో కలిసే సంచికీ తడి కావాలి
పెరటి గుంతలో సంరక్షణ ఉంటేనే ఎరువు

కర్నూలు, కడప: పలుచని పాలిథిన్‌ సంచులపై ఆంక్షలు పెరిగిన కొద్దీ మట్టిలో కలిసిపోయే సంచులు బజారులోకి వస్తున్నాయి. తిరుమలలో లడ్డూ ప్రసాదం కోసం మొక్కజొన్న పిండిపదార్థంతో చేసిన సంచుల విక్రయాన్ని 2021 ఆగస్టులో ప్రారంభించారు. డీఆర్‌డీవో రూపొందించిన ఈ సంచులు 90 రోజుల్లో క్షీణిస్తాయని అప్పట్లో ప్రకటించారు. అయితే ఇటువంటి సంచిని పెరట్లో పడవేసినంత మాత్రాన ఎరువు కాదు. వానలు తక్కువగా కురిసే సీమ జిల్లాల్లో ఈ సంగతి తప్పక గమనించాలి.

పేర్లు దగ్గర.. గుణాలు దూరం
'కంపోస్టబుల్‌' అని ముద్రించే సంచి ఐఎస్‌/ఐఎస్‌ఓ 17088 ప్రమాణానికి లోబడి ఉండాలి. తయారీదారుకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం ఉండాలి. ఈ ప్రమాణం ప్రకారం పరీక్షను సుమారు 58 డిగ్రీల వేడిలో జరుపుతారు. సంచిలోని కర్బనంలో 90 శాతం 180 రోజుల్లో బొగ్గుపులుసు వాయువుగా మారాలి. అంతటి వేడి నిలకడగా ఉండేది భారీ ఎరువుల కేంద్రాల్లోనే. రసాయనాలు కలిపిన మామూలు పాలిథిన్‌ మరొక రకం. అది ఎండకు తునకలై మట్టిలోనే మిగులుతుంది. సూక్ష్మ ప్లాస్టిక్‌ తునకలు మిగిల్చేది 'బయోడిగ్రేడబుల్‌' కాదని 2024 మార్చిలో సవరించిన నిబంధనలు స్పష్టం చేశాయి.

ఎండ వేరు.. దిబ్బ వేడి వేరు
వేసవిలో ఇక్కడ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. కానీ సంచిని ఎరువుగా మార్చేది ఎండ కాదు, దిబ్బలోని సూక్ష్మజీవులు. అవి పనిచేయాలంటే తడి, గాలి రెండూ ఉండాలి. ఎండకు దిబ్బ ఆరిపోతే వాటి పని నిలిచిపోతుంది. సంచి నెలల తరబడి అలాగే పడి ఉంటుంది.

గుంత తయారీ ఇలా..
* వేప, కానుగ వంటి చెట్టు నీడలో మూడు అడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గుంత తీయాలి. పొడి నేలలో దిబ్బ కంటే గుంతలోనే తడి ఎక్కువ కాలం నిలుస్తుంది.
* ఎండుటాకులు, వేరుశనగ పొట్టు ఒక పొరగా, కూరగాయల తొక్కలు, పచ్చి పేడ మరో పొరగా వేయాలి.
* సంచిని చిన్న ముక్కలుగా కత్తిరించి పొరల నడుమ పలుచగా చల్లాలి. మొత్తం చెత్తలో పదో వంతుకు మించరాదు.
* బియ్యం, పప్పు కడిగిన నీటిని చల్లితే తాగునీరు వృథా కాదు. గుప్పెడు తీసి పిండితే ముద్ద కట్టాలి, నీరు కారరాదు.
* పైన తడిపిన గోనెసంచి కప్పి, పదిహేను రోజులకొకసారి తిరగవేయాలి.

ఇంటి గుంతలో ఏడాది వరకు పట్టవచ్చు. కొన్ని రకాలు అప్పటికీ పూర్తిగా కలవవు. ఎరువును జల్లెడ పట్టి, మిగిలిన ముక్కలను తిరిగి గుంతలోనే వేయాలి. ముక్కలున్న ఎరువును పొలానికి తోలరాదు.

ఇవి కూడదు
మిగిలిన అన్నం, తొక్కలు ఈ సంచిలో కట్టి వీధిలో పడవేయరాదు. సంచితో సహా తినే పశువుకు అది ఏ రకం ప్లాస్టిక్‌ అన్నది తెలియదు. సంచిని కాల్చరాదు. పాత పాలిథిన్‌తో కలిపి అమ్మరాదు, కలిస్తే పునర్వినియోగానికి వెళ్లే సరుకు చెడిపోతుంది. గుంత పెట్టే వీలు లేనివారికి గుడ్డసంచే మేలు.