పాత డీజిల్ పికప్‌కు లాగుడు శక్తి: ముందు బోరు, ఆ తరువాతే టర్బో

అల్ ఐన్‌లో పాత పికప్ కొనుక్కుని, వెనక ట్రైలరు తగిలించి, తోటలకు గడ్డి, నీళ్ళు, ఎరువులు తోలి బ్రతికే మన తెలుగువారు కొందరున్నారు. సనాయియాలో మెకానిక్ పని చేస్తున్నందువల్ల వారు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, బండి నాలుగు లక్షల కిలోమీటర్లు తిరిగింది, ఇంజిన్ బోరుకొచ్చింది. ఎలాగూ విప్పుతున్నాం కదా, టర్బో కూడా పెట్టేస్తే లాగుడు పెరుగుతుందా?" పెరుగుతుంది. కానీ ఖర్చు పెట్టే వరుసలో టర్బో చివరన ఉండాలి. ఎందుకో వివరిస్తాను.

ల్యాండ్ క్రూజర్ పికప్‌లో వచ్చే 1హెచ్‌జెడ్ ఇంజిన్‌నే తీసుకుందాం. 1990లో వచ్చిన ఈ ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ 4164 సీసీ. టర్బో లేదు. శక్తి దాదాపు 130 హార్స్‌పవర్, 2200 ఆర్‌పీఎం దగ్గర 285 న్యూటన్ మీటర్ల టార్కు. బరువు లాగేవారికి కావలసింది ఆ రెండో అంకె. తక్కువ ఆర్‌పీఎంలోనే టార్కు అందాలి, పైగా గంటల తరబడి అందుతూనే ఉండాలి. ఇక్కడ వేసవిలో 45 డిగ్రీలు దాటుతుంది కాబట్టి అసలు పరీక్ష వేడిది.

ఇంజిన్ విప్పేముందు ఆరు సిలిండర్ల కంప్రెషన్ కొలిపించండి. నాజిళ్ళు, పంపు కూడా చూపించండి. నల్ల పొగ వస్తే బోరు పోయిందని చాలామంది కంగారు పడతారు. ఎన్నోసార్లు అది నాజిల్ జబ్బో, ఇసుకతో నిండిన ఎయిర్ ఫిల్టరో అయివుంటుంది. నీలం పొగ వచ్చి, ఆయిల్ తాగుతూ, కంప్రెషన్ కూడా పడిపోతేనే హెడ్ దించే మాట.

ఈ ప్రాంతపు బండ్లకు అసలు శత్రువు సన్నని ఇసుక. ఫిల్టరు దాటి లోపలికి వెళ్ళిందంటే బోరు పైభాగాన్ని అరగదీస్తుంది. అందుకే బోరును పైన, మధ్యన, కింద మూడు చోట్లా కొలవాలి. అరుగుదల హద్దు దాటితే 0.5 మి.మీ. ఓవర్‌సైజు. పిస్టన్లు చేతికి వచ్చాకే, వాటిని కొలిచి, లేత్‌వాడికి బోరు కొట్టమని చెప్పాలి. విజయవాడ ఆటోనగర్‌లో పాత మేస్త్రీలు కూడా ఈ వరుస తప్పరు. అన్నట్టు, 94 మి.మీ. బోరు 94.5 అయితే ఇంజిన్ 44 సీసీ పెరుగుతుంది, అంటే నూటికి ఒకటి. బోరు కొట్టిస్తే బలం వస్తుందనే మాట నమ్మకండి. వచ్చేది పోయిన కంప్రెషన్ మాత్రమే. అయితే చాలామందికి ఆ ఒక్కటే సరిపోతుంది. హెడ్‌ను పగుళ్ళకు తప్పక పరీక్ష చేయించండి. గ్యాస్కెట్ మందాన్ని, పిస్టన్ బ్లాకు మీదికి ఎంత పొడుచుకొస్తుందో కొలిచి నిర్ణయించాలి.

ఇక టర్బో. టయోటాయే 1హెచ్‌జెడ్‌కు తోడుగా టర్బోతో 1హెచ్‌డీ-టీ అనే ఇంజిన్ చేసింది. బోరు, స్ట్రోకు రెండిటికీ ఒకటే. కానీ కంప్రెషన్‌ను 22కు పైనుంచి 18.6కు దించి, పిస్టన్ల అడుగున ఆయిల్ చిమ్మే జెట్లు పెట్టింది. 1హెచ్‌జెడ్‌కు ఆ జెట్లు లేవు. అందువల్ల బూస్టు అర బార్ దాటనివ్వకూడదని నా అభిప్రాయం. టర్బోకు ముందు ఎగ్జాస్టు వేడి 700 డిగ్రీలు దాటకుండా చూపే మీటరు తప్పనిసరి. పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచితే లాగుడు వెంటనే తెలుస్తుంది, వేడి మాత్రం కంటికి కనబడదు. కరీంనగర్ సోదరుడొకరు బోరు చేయించకుండా, మీటరు లేకుండా వేరొక చోట టర్బో పెట్టించుకున్నారు. మూడు వారాలకు, జూన్ నెలలో ట్రైలరుతో వెళ్తుంటే హెడ్ పగిలి రెండు పిస్టన్లు కరిగాయి. రెండు నెలల సంపాదన ఆ రిపేరుకే పోయింది.

అదే డబ్బులో కొంత కొత్త రేడియేటరుకు, ఫ్యాన్ క్లచ్‌కు పెడితే ఎక్కువ మేలు. టైర్లు కంపెనీ సైజుకు మించి పెద్దవి వేసి ఉంటే తిరిగి మార్చండి, పైసా ఇంజిన్ పని లేకుండానే లాగుడు కొంత తిరిగి వస్తుంది. ఇంజిన్ బలపడినంత మాత్రాన బ్రేకులు బలపడవు. కంపెనీ చెప్పిన ట్రైలరు బరువు హద్దు హద్దే.

చట్టం సంగతి కూడా గమనించగలరు. అనుమతి లేకుండా ఇంజిన్‌లో మార్పులు చేస్తే 1000 దిర్హాంల జరిమానా, 12 బ్లాక్ పాయింట్లు, 30 రోజుల జప్తు అని 2017 ఫెడరల్ నిబంధనలు పేర్కొన్నాయి. బండి విడిపించుకోవడానికి మరో 10,000 దిర్హాంలు అని 2020లో అబుదాబి చట్టం చేర్చింది. పాత ఇంజిన్‌ను అదే కొలతలకు బాగుచేయడం వేరు, టర్బో బిగించడం వేరు. బిగించే ముందే అనుమతి గురించి కనుక్కోండి.

కొత్త బోరుతో మొదటి 1000 కిలోమీటర్లు ట్రైలరు వద్దు. అలాగని బండిని నిలబెట్టి గంటలకొద్దీ ఐడిల్‌లో ఉంచితే రింగులు కూర్చోవు. వేగం మారుస్తూ, మధ్యమధ్య కాస్త బరువు మీద నడపాలి. ట్రైలరు లేకుండా జెబెల్ హఫీత్ దాదాపు 12 కిలోమీటర్ల ఘాట్ ఒకసారి ఎక్కించి, పైకి వెళ్ళేదాకా వేడి ముల్లు కదలకుండా ఉందో లేదో చూడండి. 1000 దగ్గర ఆయిల్ మార్చేటప్పుడు పాత ఫిల్టరు పారేయకుండా కోయించి, లోపల లోహపు పొడి మెరుస్తోందేమో చూపించుకోండి.