భయము ముందా, గ్రంథి ముందా?

విత్తు ముందా, చెట్టు ముందా అను ప్రశ్న మనకు క్రొత్తది కాదు. వైద్యశాస్త్ర చరిత్రలో అట్టి ప్రశ్నయే ఒకటి నూరేండ్లకు పైగా నలిగినది. మనిషిని పట్టి కుదిపివేయు భయము మనస్సున పుట్టి దేహమునకు ప్రాకునా, లేక దేహమున పుట్టి మనస్సున కెక్కునా? ఈ ప్రశ్నకు సంబంధించిన తొలి వృత్తాంతములలో ఒకటి బండి ప్రమాదముతోనే మొదలగుట విశేషము.

పదునెనిమిదవ శతాబ్దము చివర ఇంగ్లండులోని బాత్ పట్టణమున కేలెబ్ హిల్లియర్ పారీ అను వైద్యుడు ఉండెను. ఆ ఊరి వేడినీటి బుగ్గలలో స్నానము చేసి ఆరోగ్యము పొందుటకు దూరప్రాంతములనుండి రోగులు వచ్చెడివారు. పారీ తాను చూచిన రోగులను గూర్చి వ్రాసి యుంచిన కాగితములలో 21 ఏండ్ల యువతి కథ ఒకటి కలదు. ఆమె చక్రముల కుర్చీలో కూర్చుండి కొండవాలున వేగముగా దిగుచు క్రిందికి విసరివేయబడినది. దెబ్బ పెద్దగా తగులలేదు గాని ఆమె మిక్కిలి భయపడినది. నాటినుండి గుండెదడయు, నరములకు చెందిన పెక్కు బాధలును ఆమెను పట్టుకొన్నవి. పక్షము దినములు గడచునప్పటికి కంఠము ముందు వాపు కనిపించినది. వాచినది అవటు గ్రంథి; నేడు ఇంటింట థైరాయిడ్ అని పిలుచుచున్నది దానినే. పారీ ఇట్టి రోగిని మొదట చూచినది 1786లో. ఆయన 1822లో గతించినాడు. ఈ వ్రాతలు 1825లో గాని అచ్చు కాలేదు.

పది సంవత్సరముల పిమ్మట, 1835లో, డబ్లిన్ నగర వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ తీవ్రమైన గుండెదడయు, కంఠమున వాపును కలిగిన స్త్రీలను గూర్చి ఒక ఉపన్యాసము ప్రకటించినాడు. వారిలో 20 ఏండ్ల యువతి యొకతె కలదు. ఆమె బాధలను తొలుత హిస్టీరియా అని తలచినారు. ఆ స్థితిలో ఆమె సుమారు మూడు నెలలు గడపిన పిమ్మటనే, ఆమె నాడి అసాధారణమైన వేగముతో కొట్టుకొనుచున్నదని గమనించినారు. ఈ మూడు నెలల సంగతి శ్రోతలు మరువరాదని కోరుచున్నాను.

1840లో జర్మనీలోని మెర్సెబుర్గ్ వైద్యుడు కార్ల్ ఫాన్ బాసెడో గుండెదడ, గ్రంథివాపు, వెలికి పొడుచుకొని వచ్చిన కన్నులు అను మూడును ఒకే వ్యాధి లక్షణములని వివరించినాడు. లక్షణములు తెలిసినవి గాని మూలము తెలియలేదు. రోగి వణకును, చెమర్చును, నిద్రపోడు, చిన్న మాటకు ఉలికిపడును; కావున ఇది నరముల వ్యాధియేనని పందొమ్మిదవ శతాబ్దపు వైద్యులు పెక్కుమంది నమ్మిరి. 1886లో లైప్‌జిగ్ నగరపు నాడీవైద్యుడు పాల్ మోబియస్ ఆ వాదమును తలక్రిందులు చేసినాడు. గ్రంథి మితిమీరి పనిచేయుటయే మూలమనియు, తక్కినవన్నియు దాని ఫలములనియు ఆయన సిద్ధాంతము.

ఇంతలో లండనులో నాణెమునకు రెండవ వైపు బయల్పడుచుండెను. గ్రంథి మందగించినవారికి ఒళ్లు ఉబ్బి, మాట మందమై, బుద్ధి మసకబారుటను విలియమ్ గల్ 1873లో వర్ణించినాడు. 1888లో లండన్ క్లినికల్ సొసైటీవారి సంఘము ఆ వ్యాధిని విచారించి, రోగులలో ఇంచుమించు సగముమందికి మతిభ్రమయు, లేనివి ఉన్నట్లు తోచుటయు కలవని తెల్పినది. 1891లో న్యూకాసిల్ వైద్యుడు జార్జి మర్రే గొఱ్ఱె గ్రంథినుండి తీసిన రసమును అట్టి యొక స్త్రీకి సూదిమందుగా ఇచ్చినాడు. ఆమె కోలుకొని 1919 వరకు జీవించినది. 1914లో అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ ఆ గ్రంథి స్రవించు థైరాక్సిన్ అను పదార్థమును వేరుచేసినాడు. మనస్సును తారుమారు చేయు ఒక వస్తువు సీసాలోనికి ఎక్కినది!

ఆ వస్తువు చేయు పని యేమి? దేహములోని కణములు ఎంత వేగముగా ఇంధనమును ఖర్చు చేయవలెనో అది నిర్ణయించును. అది అధికమైనచో గుండె జోరు హెచ్చును, చేతులు వణకును, చెమట పట్టును. పులిని చూచినవానికి కలుగునవియు ఇవియే గదా! పులి లేకయే దేహము ఇట్లుండిన మనస్సు ఊరకుండదు. చుట్టుప్రక్కల పులిని వెదకును.

మోటారు నడపువారి చిక్కు ఇక్కడనే ఉన్నది. ఒక గృహస్థు కారులో రహదారిపై పోవుచున్నాడనుకొందము. ముందు లారీ, వెనుక బస్సు. అకస్మాత్తుగా గుండె దడదడలాడినది, ఊపిరి ఆడనట్లైనది. కారణము కంఠములో ఉండవచ్చును. ఆయన కన్నులకు కనిపించునది రహదారి. కావున దారియే తన శత్రువని తలచును. మరునాడు స్టీరింగు పట్టగానే, మరల అట్లగునేమో అను భయమే గుండెదడను తెచ్చును. ఇంటిలోనివారు "ఇన్నేండ్లుగా నడపుచు ఇప్పుడీ పిరికితన మేమి?" అందురు. గ్రంథి మందగించినవారికిని ఆందోళన కలుగవచ్చును. దానికి తోడు మగతయు, నీరసమును వచ్చిన ప్రయాణము మరింత ప్రమాదకరము. మాత్ర మోతాదు మించినను గుండెదడ రాగలదు.

అట్లని ప్రతి భయమును గ్రంథి నెత్తిన రుద్దుట తగదు. దారిలో ఇట్లు బెదరువారిలో పెక్కుమందికి గ్రంథి సరిగనే ఉండును. అయితే ఏది నిజమో ఊహించి చెప్పవలసిన కాలము గడచినది. టి.ఎస్.హెచ్. అను రక్తపరీక్ష నేడు చిన్న పట్టణములలోను లభించుచున్నది. ఉద్రేకించిన గ్రంథికి 1941 నుండి రేడియో అయొడిన్ చికిత్సయు, 1943 నుండి దానిని అణచు మందులును వాడుకలోనికి వచ్చినవి. గ్రంథి కుదుటపడినను కొందరికి దారి భయము మిగులును. దేహము నేర్చిన పాఠమును మనస్సు వెంటనే మరువదు. అట్టివారు తోడు ఉంచుకొని, దగ్గర దారులతో ఆరంభించి, క్రమముగా మరల అలవాటు చేసికొనవలెను. అవసరమైనచో మానసిక వైద్యుని సాయము పొందవలెను. దడ పుట్టినప్పుడు బండిని దారిప్రక్కకు తీసి నిలుపుట పిరికితనము కాదు, వివేకము.

భయము ముందా, గ్రంథి ముందా? గ్రేవ్స్ పేరిట పిలువబడు వ్యాధిలో దేహరక్షణకు పుట్టిన ప్రతిరక్షకములే దారితప్పి గ్రంథిని రెచ్చగొట్టునని ఇరువదవ శతాబ్దము తేల్చినది. కావున ఆ వ్యాధికి మూలము రోగి పిరికితనము కాదు. పిమ్మట భయము గుండెను, గుండె భయమును ప్రేరేపించుకొనుచు చక్రమువలె తిరుగును. ఆ చక్రమును ఆపుటకు రెండు వైపులను చూడవలెను.

డబ్లిన్ యువతి నాడిని గమనించుటకు మూడు నెలలు పట్టినది. మన ఇండ్లలో ఎవరైన "నాకు బండి యెక్కవలెనన్న భయముగా ఉన్నది" అనిన, వారి ధైర్యమును శంకించుటకు ముందు నాడి పట్టి చూతము.