బడి చివరి రోజు: ప్రోగ్రెస్ కార్డు, రికార్డు షీటు, ఆగిపోయే భోజనం

ఏప్రిల్ మూడో వారం వచ్చేసరికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రాథమిక పాఠశాలల్లో పాఠాల కంటే పండగ వాతావరణమే ఎక్కువ. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ ఏప్రిల్ 23 చివరి పనిదినం. 24 నుంచి జూన్ 11 వరకు వేసవి సెలవులు.

వేడుకలు అంతకు ముందే మొదలవుతాయి. చాలా సర్కారు బడుల్లో వార్షికోత్సవంతో పాటు స్వయంపాలన దినోత్సవం జరుపుతారు. ఆ ఒక్క రోజు పిల్లలే పంతుళ్లు, హెడ్మాస్టర్లు, ఎంఈవోలు, కలెక్టర్లు. అమ్మ చీర చుట్టుకొచ్చిన ఐదో తరగతి పాప ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంది. (హాజరు మాత్రం అసలు టీచర్ కంటే కటువుగా తీసుకుంటారు.) ఐదో తరగతి వాళ్లకు వీడ్కోలు, గ్రూపు ఫొటో, మిఠాయిలు ఉంటాయి.

తర్వాత తల్లిదండ్రుల చేతికి ప్రోగ్రెస్ కార్డు వస్తుంది. 2009 విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి వరకు ఎవరినీ అదే తరగతిలో ఆపకూడదంది. 2019 సవరణ దీన్ని కొంత సడలించింది. 5, 8 తరగతుల్లో ఏడాది చివర పరీక్ష పెట్టాలి. తప్పిన పిల్లలకు అదనంగా బోధించి, రెండు నెలల్లోపు మళ్లీ అవకాశం ఇవ్వాలి. అప్పుడూ తప్పితే ఆపాలా వద్దా అన్నది ప్రభుత్వాల ఇష్టం. కేంద్రం తన పరిధిలోని కేంద్రీయ విద్యాలయాలు, నవోదయల వంటి బడుల్లో ఆపేందుకు వీలుగా 2024 డిసెంబరులో నిబంధనలు తెచ్చింది. అయితే ఎలిమెంటరీ చదువు పూర్తయ్యేదాకా ఏ పిల్లనూ, పిల్లాడినీ బడి నుంచి పంపేయడానికి వీల్లేదు.

ఐదో తరగతి పూర్తిచేసిన వాళ్లకు కార్డు కంటే ముఖ్యమైనది రికార్డు షీటు. ఊళ్లో ప్రాథమిక పాఠశాల ఐదుతో ఆగిపోతే ఆరో తరగతికి మరో బడికి వెళ్లాలి. వేసవిలో వలస వెళ్లే కుటుంబాల్లో ఈ మలుపులో చదువు తెగిపోయే ప్రమాదం ఉంటుంది. అడిగిన వెంటనే బదిలీ పత్రం ఇవ్వడం హెడ్మాస్టర్ బాధ్యత అని చట్టంలోని 5వ సెక్షన్ చెబుతోంది. అది చేతికి రావడం ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోవడం ఆపకూడదు. ఈ సంగతి తెలియక జూన్‌లో బడుల చుట్టూ తిరిగే తల్లిదండ్రులు తక్కువేం కాదు.

వేడుకల ఫొటోల్లో కనిపించనిది ఇంకొకటి ఉంది. సెలవులతో మధ్యాహ్న భోజనం కూడా ఆగిపోతుంది. కేంద్ర నిబంధనల ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లలకు పూటకు 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్ అందాలి. రెండు రాష్ట్రాలూ దానికి గుడ్డు చేర్చాయి. ఏడు వారాల పాటు ఆ పూట భారం ఇంటిమీద పడుతుంది. కూలికి పోయే ఇళ్లలో ఇది చిన్న లెక్క కాదు. కరవు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో ఆదేశించింది. తెలుగు రాష్ట్రాలు సహా 12 రాష్ట్రాల కరవుపై స్వరాజ్ అభియాన్ వేసిన కేసులో 2016లో మళ్లీ అదే చెప్పింది. కరవు ప్రకటించని ఏడాదికి ఈ ఆదేశాలు వర్తించవు. ఆ పిల్లలకు బడి భోజనం మళ్లీ జూన్‌లో, తలుపులు తెరిచాకే.