లైట్ టెంట్

చిన్న వస్తువును ఫొటో తీయడానికి దాని చుట్టూ తెల్లటి పలుచని గుడ్డతోనో, ట్రేసింగ్ పేపరుతోనో, పాలరంగు ప్లాస్టిక్‌తోనో కట్టే గూడును లైట్ టెంట్ అంటారు. పెట్టెలా ఉండి లోపలే ఎల్ఈడీ దీపాలు బిగించి ఉంటే లైట్ బాక్స్ అనడం అలవాటు. లైట్ టెంట్‌కైతే దీపాలు గూడు బయట ఉంటాయి. వాటి వెలుతురు గుడ్డలోంచి వడగట్టుకుని లోపలికి దిగుతుంది. ముందువైపు చీలికలోంచి కెమెరా చూస్తుంది. నగలు, నాణేలు, చేతి గడియారాలు, గాజు సామాను, వెండి పాత్రలు, మ్యూజియం వస్తువులు, అమ్మకానికి పెట్టిన సరుకు ఇందులో తీసే ఫొటోల్లో ఎక్కువగా కనిపిస్తాయి.

పేరు విని ఇది వెలుతురు పెంచే సాధనమని చాలామంది అనుకుంటారు. నిజానికి గుడ్డ ఆ వెలుతురులో కొంత మింగేస్తుంది. లైట్ టెంట్ మార్చేది వస్తువు చుట్టూ ఉన్న పరిసరాలను. మెరిసే వస్తువు ఫొటోలో మనం చూసేది చాలావరకు దాని మీద పడిన ప్రతిబింబాలనే. స్టీలు చెంచాను చేతిలో పట్టుకుంటే కిటికీ, ట్యూబ్‌లైటు, మన మొహం అందులో కనిపిస్తాయి. వాటన్నిటి స్థానంలో తెలుపును నింపడమే లైట్ టెంట్ పని. తెలుపు ఎంత ఉండాలి, నలుపు ఎక్కడ ఉండాలి అన్న ప్రశ్న చుట్టూనే ఈ విద్య చరిత్రంతా తిరిగింది.

ఎండలో మొదలు

ఫొటోగ్రఫీ పుట్టిన కొత్తలో చిన్న వస్తువులకే పెద్దపీట పడింది. కారణం ఒకటే, అవి కదలవు. ఎక్స్‌పోజర్‌కు నిమిషాలు పట్టే రోజుల్లో మనిషిని కూర్చోబెట్టడం కన్నా గవ్వను పెట్టడం తేలిక. పారిస్‌లో దగ్యేర్ ఫొటో తీసే తన పద్ధతిని 1839లో లోకానికి చూపినప్పటి చిత్రాల్లో గవ్వలు, శిలాజాలు పేర్చి తీసినది ఒకటి.

ఇంగ్లండులో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1844 నుంచి 1846 దాకా విడతలుగా వెలువరించిన ‘ది పెన్సిల్ ఆఫ్ నేచర్’లో 24 చిత్రాలున్నాయి. వాటిలో మూడోది అరల మీద పేర్చిన పింగాణీ సామాను, నాలుగోది గాజు సామాను. సేకరణలోని వస్తువులన్నిటినీ పట్టిక రాసుకునే కన్నా ఫొటో తీసి ఉంచుకుంటే సులువని, ఎప్పుడైనా దొంగతనం జరిగితే ఆ ఫొటో కోర్టులో మూగసాక్షి కాగలదని టాల్బట్ పింగాణీ చిత్రం కింద సూచించాడు. వస్తువు ఫొటోకు ఉన్న వ్యావహారిక ప్రయోజనాన్ని అంత తొందరగా పసిగట్టడం మెచ్చుకోదగ్గ విషయం.

గాజు చిత్రం కింద ఆయన రాసిన మాట ఇంకా లోతైనది. తెల్ల పింగాణీని, గాజును ఒకే ఫొటోలో పెడితే కుదరదన్నాడు. పింగాణీ బొమ్మ కాగితం మీద పూర్తయ్యేసరికి గాజు బొమ్మ ఇంకా సరిగా మొదలే కాదు. నీలం వస్తువులు దాదాపు తెల్లవాటంత వేగంగా పడతాయని, ఆకుపచ్చ చాలా నిదానమని కూడా గమనించాడు. రంగుల ఇబ్బందికి జర్మన్ రసాయన శాస్త్రవేత్త హెర్మన్ ఫోగెల్ 1873లో దారి చూపాడు. ప్లేటు మీది రసాయనానికి అద్దకపు రంగు కలిపితే అది ఆకుపచ్చ వైపుకూ స్పందిస్తుందని తేల్చాడు. 1906లో ఎరుపును సైతం పట్టే ప్లేట్లు అంగళ్లలోకి వచ్చాయి. మొదటి ఇబ్బంది మాత్రం అలాగే ఉంది. తెల్ల కప్పును, గాజు గ్లాసును పక్కపక్కన పెట్టి లైట్ టెంట్‌లో తీయబోయేవారు నేటికీ టాల్బట్ చెప్పిన చిక్కులోనే పడతారు.

అద్దంలో పడిన ఫొటోగ్రాఫర్

మ్యూజియాలు 1850లలో కెమెరాను చేరదీశాయి. బ్రిటిష్ మ్యూజియం తన కట్టడం పైకప్పు మీద స్టూడియో కట్టించి రోజర్ ఫెంటన్‌కు పని అప్పగించింది. ఆయన తీసినవాటిలో అస్సీరియా మట్టిపలకలున్నాయి. అరచేతిలో పట్టే ఆ పలకల మీది మేకు ఆకారపు అక్షరాలు చదవాలంటే వెలుతురు పక్కనుంచి ఏటవాలుగా రావాలి, ప్రతి గాడిలోనూ సన్నని నీడ నిలవాలి. నలువైపులా సమానంగా వెలుతురు పడితే అక్షరమే మాయమవుతుంది.

ఇదే సూత్రం తెలుగు నేలకు చెందిన శిల్పాలకూ వర్తించింది. వాల్టర్ ఇలియట్ 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించి మద్రాసుకు చేర్పించిన శిల్పఫలకాలను, మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫర్ లినియస్ ట్రైప్ 1858లో అక్కడి మ్యూజియంలో ఫొటోలు తీశాడు. మరుసటి ఏడాది వాటిలో చాలా భాగం లండన్‌కు ఓడెక్కింది. అవి చిన్న వస్తువులు కావు, టెంటులో ఇమిడేవీ కావు. అయినా చదునైన రాతిలోంచి బొమ్మ ఉబికి కనిపించడానికి నీడ ఎంత అవసరమో చెప్పడానికి అంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

లండన్‌లో చార్లెస్ థర్‌స్టన్ థాంప్సన్‌కు ఎదురైన చిక్కు ఇంకో రకం. 1853లో ఆయన ఒక పాత వెనిస్ అద్దాన్ని, దాని నగిషీ చట్రం కోసం ఫొటో తీశాడు. అద్దంలో కెమెరా పెట్టె, దాని పక్కన ఆయన, వెనక పరిసరాలు పడ్డాయి. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న ఆ ఫొటోను నేడు ఫొటోగ్రాఫర్ స్వీయచిత్రంగా మురిపెంగా చూస్తున్నాం. మెరిసే వస్తువు తన ఎదుట ఉన్న ప్రతిదాన్నీ ఫొటోలోకి ఈడ్చుకొస్తుందని ఆ ఒక్క చిత్రం చూపిస్తుంది.

నీడ మెత్తబడటం

ఆనాటి స్టూడియోలకు గాజు పైకప్పు, ఉత్తరం వైపు కిటికీలు, వాటికి మస్లిన్ తెరలు ఉండేవి. సూర్యబింబం ఆకాశంలో అర డిగ్రీ మేర మాత్రమే ఉంటుంది కనుక దాని నీడ కత్తితో కోసినట్టు పడుతుంది. మబ్బు కమ్మిన రోజున ఆకాశమంతా ఒకే దీపంలా మారి నీడ అంచులు కరిగిపోతాయి. ఎండాకాలం తెల్ల గుడ్డ పందిరి కింద నిలబడినవారికి ఈ తేడా తెలుసు. వస్తువు వైపు నుంచి చూసినప్పుడు దీపం ఎంత పెద్దగా కనిపిస్తే నీడ అంత మెత్తగా ఉంటుంది. చిన్న వస్తువుకు కలిసొచ్చేది ఇక్కడే. ఉంగరానికి జేబురుమాలంత గుడ్డ కూడా ఆకాశమే.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో మెరిసే తొక్క ఉన్న పెద్ద మిరపకాయలను వరసగా ఫొటోలు తీస్తూ, ఒకదాన్ని తగరపు గరాటులో పెట్టి చూశాడు. గరాటు లోపలి గోడలు వెలుతురును కాయ ఒంపుల మీదికి తిప్పి పంపాయి, వెనక మాత్రం చీకటి నిలిచింది. ‘పెప్పర్ నంబర్ 30’గా ప్రసిద్ధమైన చిత్రం అదే. లైట్ టెంట్‌కు పూర్వీకుల్ని వెతికితే ఆ గరాటుకు మొదటి వరసలో చోటివ్వాలి. చుట్టూ తిరిగొచ్చే వెలుతురు, దాని మధ్య వదిలిన చీకటి, రెండూ అందులో ఉన్నాయి. రెండేళ్ల ముందే బెర్లిన్‌లో కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ మొక్కల మొగ్గలను, తీగ కొసలను ఎన్నో రెట్లు పెంచి తీసిన చిత్రాలను 1928లో పుస్తకంగా వేశాడు. వెనక ఏ అలంకారమూ లేని అట్ట, ముందు ఒక మొగ్గ. చిన్న వస్తువు వెనక ఏమీ ఉండకపోవడంలో అందం ఉందని ఆయన చిత్రాలు ఒప్పించాయి.

ప్రకటనల కోసం వెండి సామాను, నగలు తీసే స్టూడియోల్లో టెంటు వేయడం ఒక పనిగా స్థిరపడింది. ట్రేసింగ్ పేపరును శంకువులా చుట్టి వస్తువు మీద బోర్లించి, పైన లెన్స్ పట్టేంత రంధ్రం వదిలేవారు. మెరుపు చంపడానికి వెండి మీద మసకబార్చే స్ప్రే కొట్టే పద్ధతి కూడా ఉండేది. మ్యూజియం వస్తువు మీద అలాంటి పని చేయకూడదు. అందుకే అక్కడ టెంటుకు విలువ ఎక్కువ, అది వస్తువును ముట్టుకోదు. గుండ్రటి వస్తువుతో వచ్చే చిక్కు మాత్రం టెంటుకూ పూర్తిగా లొంగలేదు. స్టీలు గోళం తన చుట్టూ ఉన్న దాదాపు అంతటినీ చూస్తుంది కనుక లెన్స్ రంధ్రం దాని నడుమ నల్ల చుక్కగా పడుతుంది. కెమెరాను దూరం జరిపి పొడవైన ఫోకల్ లెంగ్త్ లెన్స్ వాడితే ఆ చుక్క చిన్నదవుతుంది, అంతే.

బల్ల మీదికి వచ్చిన స్టూడియో

1995లో రెండు సంగతులు జరిగాయి. కాసియో కంపెనీ క్యూవీ-10 అనే డిజిటల్ కెమెరాను విడుదల చేసింది. వెనక చిన్న తెర ఉండి, తీసిన ఫొటోను అక్కడికక్కడే చూపించిన తొలి వినియోగదారుల కెమెరా అది. అదే ఏడాది పియర్ ఒమిడ్యార్ అమెరికాలో వేలం సైటు ఒకటి మొదలుపెట్టాడు, అదే తర్వాత ఈబే అయింది. ముక్కూమొహం తెలియనివారికి వస్తువును చూపించి అమ్మాలంటే ఫొటో కావాలి. ఫిల్ము కడిగించే ఖర్చు లేకుండా పది రకాలుగా తీసి చూసుకునే వీలు వచ్చింది. మడిచి సంచిలో పెట్టుకునే గుడ్డ టెంట్లు, ఆ తర్వాత అట్టపెట్టె నాలుగు వైపులా కోసి తెల్ల కాగితం అంటించిన ఇంటి టెంట్లు ఈ అవసరంలోంచే ఇళ్లలోకి వచ్చాయి. ఫొటోగ్రాఫర్ డేవిడ్ హాబీ 2006లో అలాంటి అట్టపెట్టె తయారీని వివరించాక, డబ్బు లేకపోవడం ఈ పనికి అడ్డు కాదని చాలామందికి ధైర్యం వచ్చింది. వెలుతురు విషయంలో అట్టపెట్టె, కొన్న టెంటు ఒకే పని చేస్తాయి. తేడా మన్నికలోనే.

అమెజాన్ వంటి సైట్లు మొదటి ఫొటోకు స్వచ్ఛమైన తెల్ల వెనకతలాన్ని నియమం చేశాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంగుల విలువలూ 255 ఉండాలి, వస్తువు ఫొటోలో 85 శాతం మేర నిండాలి. ఈ నియమం లైట్ టెంట్‌ను లక్షల బల్లల మీదికి చేర్చింది. నష్టమూ చేసింది. తెలుపే గమ్యమైపోయి, వస్తువు ఒంపు చూపించాల్సిన నీడలు కూడా చెరిగిపోవడం మొదలైంది. ఉబ్బుగా ఉండాల్సిన చెంబు అట్టముక్కలా కనిపించే ఫొటోలకు మూలం ఇదే.

మంచి ఫలితం ఎక్కడ వస్తుంది

కొత్తవారిని ముందుగా నిరాశపరిచేది బూడిద రంగు. కెమెరా మీటరు తాను చూసినదాన్ని మధ్యస్థ బూడిద రంగుగా లెక్కగడుతుంది. చుట్టూ తెలుపే ఉన్నప్పుడు ఆ తెలుపునే బూడిదగా మారుస్తుంది. ఎక్స్‌పోజర్‌ను ఒకటి నుంచి రెండు స్టాపుల దాకా పెంచితే తెలుపు తెలుపుగా వస్తుంది. తర్వాత రంగు. పగటి వెలుతురు దాదాపు 5500 కెల్విన్లు, స్టూడియో ఫిలమెంటు దీపం 3200. రెండూ కలిస్తే ఒక చెంప నీలం, ఒక చెంప పసుపు. గది దీపం ఆర్పేసి, ఒకే రకం దీపాలు వాడి, బూడిద కార్డు పెట్టి వైట్ బ్యాలెన్స్ సరిచేసుకోవాలి. పాతబడి పసుపెక్కిన గుడ్డ కూడా రంగు మారుస్తుంది. చౌక ఎల్ఈడీలు ఎరుపును సరిగా పలికించవు, కెంపుల నగ తీసేవారు దీనివల్లే తికమకపడతారు.

దగ్గరగా వెళ్లేకొద్దీ ఫోకస్‌లో ఉండే మందం తగ్గిపోతుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో వస్తువును సెన్సర్ మీద దాని అసలు కొలతలోనే పడేలా తీస్తే, ఎఫ్/16 దగ్గర కూడా స్పష్టంగా ఉండేది సుమారు 2 మిల్లీమీటర్లు. అపర్చర్ ఇంకా మూస్తే కాంతి వంగడం వల్ల ఫొటో అంతా మెత్తబడుతుంది. ట్రైపాడ్ మీద కెమెరాను నిలిపి, ఫోకస్‌ను కొంచెం కొంచెం జరుపుతూ చాలా ఫొటోలు తీసి కంప్యూటరులో ఒకటిగా కలపడం దీనికి విరుగుడు. ఫోనుతో తీసేవారు వెనక్కి జరిగి రెండు రెట్ల లెన్స్ వాడితే వస్తువు ముందు భాగం పెద్దదిగా సాగినట్టు రాదు.

ఇవన్నీ సరిచేసుకున్నాక కూడా ఫొటో చప్పగా ఉంటే కారణం తెలుపు ఎక్కువ కావడమే. అప్పుడు నల్ల అట్టముక్కలు కావాలి. గాజు గ్లాసుకు రెండు పక్కలా, ఫ్రేమ్‌లో పడకుండా నల్ల అట్టలు నిలబెడితే గ్లాసు అంచులు నల్ల గీతలుగా తేలతాయి. అవి లేకపోతే గాజు తెలుపులో కలిసిపోతుంది. వెండి గిన్నె ఒంపు మీద సన్నని నల్ల చార పడితేనే కంటికి ఒంపు తెలుస్తుంది. రెండు పక్కల దీపాలనూ సమానంగా వెలిగించకుండా ఒకటి తగ్గించడం, ఒక్కోసారి ఒకటి పూర్తిగా ఆర్పేయడం కూడా అదే ఫలితం ఇస్తుంది. టెంటులో తీసిన నాణెం మీది అక్షరాలు మసకబారితే టెంటును తీసి పక్కన పెట్టి, ఒకే దీపాన్ని ఏటవాలుగా వెలిగించడం మేలు.

కొండపల్లి చెక్క బొమ్మ మీది రంగు మెరుపు లేనిదైతే టెంటు అవసరం తక్కువ, కిటికీ పక్కన చక్కగా వస్తుంది. హైదరాబాదులో కొన్న ముత్యాల దండకు టెంటు బాగా పని చేస్తుంది. దానికీ ఒక పక్క చిన్న చీకటి వదలాలి, లేకపోతే ముత్యం తెల్ల చుక్కగా మిగులుతుంది. అన్నిటికన్నా కష్టపెట్టేది బిద్రీ. సాలార్‌జంగ్ మ్యూజియంలో దాని మంచి సేకరణ ఉంది. జింకు ఎక్కువగా ఉన్న లోహాన్ని మెరుపు లేని నలుపుగా మార్చి, అందులో వెండి పొదిగిన పనితనం అది. వెండి వెలగాలంటే దానికి ఎదురుగా తెల్ల గుడ్డ ఉండాలి, నలుపు నలుపుగా నిలవాలంటే అదే గుడ్డ దాని మీద ప్రతిఫలించకూడదు. పెద్ద తెల్ల గుడ్డను ఒకవైపే కట్టి, మిగతా వైపులన్నీ నల్లగా ఉంచి, వెండి లతలు ఒక్కొక్కటే వెలిగేదాకా పాత్రను కొంచెం కొంచెం తిప్పుతూ చూడాలి. వెనకతలాన్ని చెరిపేసే సాఫ్ట్‌వేర్ ఇక్కడ సాయపడదు. ప్రతిఫలనం పడేది వెనకతలం మీద కాదు, లోహం మీద.