తెడ్డు పట్టిన చేతులు

1987లో మా మేనత్తగారు రొమ్ము కాన్సరు శస్త్రచికిత్స చేయించుకుని ఇంటికి వచ్చినప్పుడు, వైద్యులు చెప్పిన మాటలలో మాకు గుర్తుండిపోయినది ఒక్కటే: ఆ చేత్తో బిందె ఎత్తరాదు. ఆవిడ దానిని ఎంత నిష్ఠగా పాటించారంటే, కొన్నాళ్ళకు జడ వేసుకోవడానికైనా ఆ చేయి పైకి లేచేది కాదు. ఈ నిషేధం పుట్టుక ఎక్కడో వెదకగా దొరికిన కథ ఇది.

అమెరికా వైద్యుడు విలియం హాల్‌స్టెడ్ 1894లో తన శస్త్రచికిత్స ఫలితాలను ప్రకటించాడు. రొమ్ముతో పాటు ఛాతీ కండరాలనూ, చంకలోని శోషరస గ్రంథులనూ తొలగించే పద్ధతి అది. శోషరసం మరలిపోయే దారి తెగడంతో కొందరికి చేయి వాచిపోయేది. 1921లో ఆ వాపును గురించి వ్రాస్తూ, బోదకాలును తలపించే పేరే పెట్టాడాయన. అటువంటి చేతికి శ్రమ కల్పిస్తే వాపు ఇంకా హెచ్చుతుందన్నది తరువాతివారి తర్కం. వినడానికి సబబుగానే ఉంది. గట్టి రుజువు మాత్రం లేదు.

కెనడాలోని వాంకూవరులో డాన్ మెకెంజీ అనే క్రీడావైద్యుడు 1996లో ఆ తర్కాన్ని నీళ్ళమీద పరీక్షించాడు. రొమ్ము కాన్సరు నుంచి బయటపడిన 24 మంది స్త్రీలను కూడగట్టి, ముందు కసరత్తు చేయించి, ఆపైన డ్రాగన్ పడవ ఎక్కించాడు. చైనీయుల పడవ పందెం అది. భుజాలూ చేతులూ విరామం లేకుండా తెడ్డు వేయాలి. సరిగ్గా వద్దన్న పనే! ఆ యేడు ఒక్కరికీ కొత్తగా వాపు రాలేదు, ఉన్నవారికి ముదరలేదు. 1998లో ఆయన ఈ సంగతి ప్రకటించాడు. ఇరవై నాలుగు మంది సాక్ష్యం చాలదనవచ్చు, నిజమే. కాని ఆ స్త్రీలు పడవ దిగలేదు. ఇతర దేశాలలోనూ అటువంటి జట్లు వెలిశాయి.

చాలినంత సాక్ష్యం 2009లో వచ్చింది. అప్పటికే చేయి వాచిన 141 మందిలో కొందరిచేత కేథరిన్ ష్మిట్జ్ బృందం వారానికి రెండుసార్లు బరువులు ఎత్తించింది. వాపు పెరిగినవారు రెండు జట్లలోనూ ఇంచుమించు సమానం. బాధ ముదిరిన సందర్భాలు ఎత్తినవారిలోనే తక్కువ. అయితే వారు చేతికి బిగుతు తొడుగు వేసుకుని, శిక్షకుల ఎదుట, అతి తక్కువ బరువుతో మొదలుపెట్టారని మరువరాదు.

పెద్దప్రేగు కాన్సరుకు కీమోథెరపీ ముగించుకున్న 889 మందిపై జరిగిన పరిశోధన 2025లో వెలువడింది. మూడేళ్ళు శిక్షకుల అండతో వ్యాయామం చేసినవారిలో ఎనిమిదేళ్ళకు నూటికి 90 మంది జీవించి ఉన్నారు. ఆరోగ్య పుస్తకాలు మాత్రమే అందుకున్నవారిలో 83 మంది.