నాదమునకు నీడ

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని సీలేరు మేము పంతులమై యున్న యూరు. ఊరి పేరును ఏటి పేరును ఒక్కటే. ఈ యేఱు ఎగువను మాచ్‌ఖండ్ అనియు, ఇచ్చట సీలేరనియు పిలువఁబడుచు, దిగువను శబరిలోఁ గలిసి, శబరితోఁ గూడి గోదావరిని జేరును. పేరు మాఱినకొలఁది నీరు పెరుగుచుండును. పోలెండు దేశపు వాద్యబృంద మొకదాని చరిత్రమును జదివినపుడు మాకీ యేటి నడకయే జ్ఞప్తికి వచ్చినది.

1961లో వార్సా నగరమునఁ జిన్న రంగస్థలమునకుఁ దగిన గీతనాటకములను బ్రదర్శించుటకై ఛేంబర్ ఆపెరా యను సంస్థ యొకటి వెలసెను. గాయకులకు వాద్యసహాయము కావలెను గదా! 1972లో యెజీ మక్సిమ్యుక్ అను సంగీతనాయకుఁడు ఆ సంస్థ నీడనే కొలఁదిమంది వాద్యకారులను జేర్చి పోలిష్ ఛేంబర్ ఆర్కెస్ట్రాను నెలకొల్పెను. పాటకుఁ దోడు నిలుచుటకుఁ బుట్టిన బృందము కాలక్రమమునఁ దనంతఁ దాను వినఁదగినదై పరదేశములందును బేరు గాంచెను. 1984లో జగత్ప్రసిద్ధుఁడైన వయొలిన్ విద్వాంసుఁడు యెహుదీ మెనూహిన్ ఆ బృందముతోఁ గూడి వాయించుటకును, దానిని నడపుటకును వార్సాకు వచ్చెను. ఆ సందర్భమునఁ గ్రొత్తవారిని జేర్చికొని బృందము విస్తరిల్లెను. సింఫోనియా వర్సోవియా యను క్రొత్త పేర స్థిరపడెను. మాచ్‌ఖండ్ సీలేరైనట్లే యిదియును.

ఈ మెనూహిన్ పేరు తెలుఁగువారికిఁ గ్రొత్త కాదు. 1952లో ఆయన భారతదేశమునకు వచ్చినపుడు, చెన్నపట్టణమున న్యాయమూర్తి పి.వి. రాజమన్నారుగారి యింట ద్వారము వెంకటస్వామినాయుడుగారి వయొలిన్ విని మిక్కిలి కొనియాడెను. ఆయన విన్న నాదము మా కొండల దిగువనున్న విజయనగరమునఁ బండినది. అది యెట్లు పండినదో చదువరు లాలకింతురు గాక.

విజయనగర సంస్థానమున చాగంటి జోగారావుగారను నుద్యోగి యుండెడివారు. వారి కుమారుఁడు గంగరాజు అంధుఁడు, సంగీతమన్నఁ బ్రాణము. ఒక్క బాలునికొఱకు గురువు నొకనిఁ గుదిర్చినఁ జాలియుండును. మహారాజు పూసపాటి విజయరామ గజపతిరాజుగా రంతటితోఁ దృప్తి నొందక, 1919లో సంగీతపాఠశాలనే తెఱచిరి. హరికథాపితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికిఁ దొలి యధ్యక్షులైరి. ద్వారమువారు చిన్ననాఁటినుండియుఁ గంటిచూపు మందమగుటచే బడిచదువు సాగనివారు. ఇరువదియాఱేండ్ల ప్రాయమున విద్యార్థిగాఁ జేరుటకై ఆ పాఠశాలకు వచ్చిరి. వారి వాదనము విన్న పెద్దలు వారిని విద్యార్థిగాఁ గాక యాచార్యునిగా నియమించిరి. చూపులేని బాలునికొఱకుఁ దెఱచిన వాకిట చూపు మందమైన గురువు ప్రవేశించెను! 1936లో దాసుగారి తరువాత ద్వారమువారే యధ్యక్షులైరి. ఘంటసాల వేంకటేశ్వరరావుగారును, పి. సుశీలగారును ఆ వాకిటనుండి వెడలినవారే.

మఱియొక విశేషము. వయొలిన్ మన దేశమునఁ బుట్టిన వాద్యము కాదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముఁడు బాలుస్వామి దీక్షితులు చెన్నపట్టణమున నొక యూరోపియనునొద్ద దానిని నేర్చి మన రాగములకు వశపఱచెను. అయినను చిరకాలము అది పాటకుఁ బ్రక్కవాద్యముగనే యుండెను. ద్వారమువారు 1938లో వేలూరున ఆ ప్రక్కవాద్యమునే ప్రధానముగాఁ జేసి కచ్చేరి నడపిరి. వార్సాలోని చిన్న బృందమును, విజయనగరపు వయొలినును, రెండును తోడుగా నుండి తొలిపీఠమునకు వచ్చినవే. రెంటికిని గారణ మొక్కటే: మొదట నీడ యిచ్చిన సంస్థ యొకటి, పిదప శ్రద్ధతో విన్న చెవి యొకటి. ప్రతిభ యెల్లయెడలఁ బుట్టును. ఈ రెండును గలచోటనే నిలుచును.

ఇంతవఱకు వ్రాసి మేము సిగ్గుపడవలసిన మాట యొకటి కలదు. ఒక యేఁడు మా బడి వార్షికోత్సవమునకు, తరగతిలో నెన్నఁడును నోరు మెదపని కొండబాలుఁ డొకఁడు మోరిని జంకఁబెట్టుకొని వచ్చెను. “అది బయటఁ బెట్టి రారా” అంటిమి. వాఁడు మాఱుపలుకక గోడవారఁ బెట్టి వచ్చి కూర్చుండెను. లోపల బల్లమీఁద హార్మోనియ ముండెను. అదియును సముద్రము దాఁటి వచ్చినదే యన్న మాట మాకు నాఁడు తోఁచలేదు. పరదేశపు పెట్టెకు బల్ల వేసి, ఈ కొండవాద్యమును గోడవారకుఁ ద్రోసితిమి.

ఈ కొండలలో థింసా యాడునపుడు డప్పు, తుడుము, మోరి, కిరిడి, జోడుకొమ్ములు కలిసి మ్రోఁగును. కోల పట్టి నడపు నాయకుఁ డుండఁడు. ఒకరి నొకరు విని వాయించెదరు. చేతులు పెనవేసికొన్న స్త్రీలు ఆ లయను విని యడుగు వేసెదరు. ఛేంబర్ బృందమునకుఁ బ్రాణమైన గుణ మిదియే. వార్సాలో సాధనచేసి సంపాదించినది యిచ్చటఁ దల్లిపాలతో వచ్చుచున్నది. లేనిది నీడ, లేనిది వినెడి చెవి.

రాజాస్థానములు పోయినవి, ఇంక నెవరు పాఠశాలలు తెఱతురని కొంద రందురు. విజయనగరపు చరిత్రము చెప్పునది రాజుగారి ధనమును గూర్చి మాత్రమే కాదు. ఒక్క బాలుని యక్కఱను జూచి వాకిలి తెఱచిన బుద్ధిని గూర్చియు నది చెప్పుచున్నది. ఆ బుద్ధికి సంస్థాన మక్కఱలేదు. మోరి యూఁదు పెద్ద నొకనిని వారమున కొక్క సాయంకాలము బడికి గురువుగాఁ బిలువ నిశ్చయించితిమి. ఒక చాప పఱచినఁ జాలును. గోడవార నుంచిన మోరిని ఆ బాలుఁడు తానే లోపలికిఁ దెచ్చుకొనును. ఆ దినమున మేము చాపమీఁద వెనుకవరుసలోఁ గూర్చుండి విందుము.